"చూస్తే బాగానే ఉన్నావుగా" అనేవాళ్లకి ఏం చెప్తున్నారు? (బయటికి కనపడని వైకల్యాలు: అనుభవాలు, సర్టిఫికెట్లు, సందేహాలు)

కృష్ణాతీరం

అందరికీ నమస్తే. ఈ విభాగంలో షుగరు, థైరాయిడ్, మోకాళ్ల నొప్పుల మీద బోలెడన్ని చర్చలున్నాయి, దీని మీద ఒక్కటీ కనపడలేదు, అందుకే మొదలుపెడుతున్నా.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, వాడుకలో ఎం.ఎస్. అంటాం. మన ఇమ్యూనిటీయే మన నరాల మీదుండే మైలిన్ పొర మీద దాడి చేస్తుంది, దాంతో మెదడు పంపే కబురు చేతికో కాలికో సరిగ్గా చేరదు. ఒకప్పుడు చూపు మసకబారుతుంది, ఇంకోప్పుడు కాళ్లు మొద్దుబారతాయి, బాత్రూమ్ అర్జెంట్ అంటే నిజంగానే అర్జెంట్. అన్నిటికంటే ఎక్కువ తినేసేది నీరసం, ఎంత పడుకున్నా పోదు. పైగా ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా లక్షణాలన్నీ ఎక్కువవుతాయి, చల్లబడితే తగ్గుతాయి. విజయవాడ మే నెల గురించి మీకు నేను చెప్పాలా! పొద్దున తొమ్మిదింటికి టకటకా నడిచిన మనిషి మధ్యాహ్నం రెండింటికి గోడ పట్టుకుని నడుస్తుంటే చూసేవాళ్లకి అనుమానం రావడం సహజమే, కానీ ఆ అనుమానం తీర్చే పని ప్రతిసారీ నా నెత్తినే పడుతోంది.

బస్సులో వికలాంగుల సీట్లో కూర్చుంటే కండక్టరు దగ్గర్నుంచి పక్కనున్న పెద్దాయన దాకా "నీకేమైందమ్మా, బాగానే ఉన్నావుగా" అంటారు. ఆఫీసులో ఒక్క అంతస్తుకి లిఫ్ట్ ఎక్కితే నవ్వులు. మీలో ఇలాంటివి పడేవాళ్లు ఏం చెప్తున్నారు? జబ్బు చరిత్రంతా విప్పాలా, కార్డు చూపించాలా, గొడవెందుకని లేచి నిలబడాలా? సలహాలూ కావాలి, మీ కథలూ కావాలి.

ఒంటిచెవి

నా పేరులోనే ఉంది అక్కా. ఎడమ చెవి పుట్టుకతో వినపడదు, కుడి చెవి బ్రహ్మాండం. హోటల్లో, పెళ్లిలో, మీటింగులో ఎడమ మూల కుర్చీ వెతుక్కుంటా, అందరూ నాకు కుడివైపు ఉండాలని. అది దొరక్కపోతే ఆ పూట సగం మాటలు పోయినట్టే. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకను కాబట్టి మా బంధువుల్లో నాకు "పొగరుబోతు" అని బిరుదు.

చట్టం లెక్కలో నాకు వైకల్యమే లేదు. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దాటి వినికిడి పోతేనే లెక్కలోకి వస్తుంది. ఒక్క చెవి పూర్తిగా పోయినా సున్నా. కాబట్టి కార్డు చూపించే అవకాశమే నాకు లేదు, నోటిమాటే ఆధారం. ఈమధ్య కొత్తవాళ్లతో మొదటి నిమిషంలోనే చెప్పేస్తున్నా, "ఈ చెవి పనిచేయదు, అటు కూర్చోండి" అని. అంతే, కథలు లేవు. చాలామంది మామూలుగానే తీసుకుంటారు. "అయ్యో మెషిన్ పెట్టుకోలేకపోయావా" అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదించను.

పటాన్‌చెరు_పవన్

ఎవరినీ బాధపెట్టాలని కాదు కానీ ఒకటి అడుగుతా. నీరసం అంటే అందరికీ ఉంటది, ఒక చెవి తక్కువ వినపడుడు మా ఇంట్ల సగం మందికి ఉన్నది. ఇవన్నీ వైకల్యాలే అంటే మరి నిజంగ కాలు లేనోళ్లు, చూపు లేనోళ్లు ఎటు పోవాలె? మా దిక్కు మంచిగ తిరిగేటోళ్లు సర్టిఫికెట్ పెట్టి పింఛన్ తీసుకుంటుండ్రు, ఊరందరికీ తెలుసు. అందుకే జనం అడుగుతరు. అడిగితే తప్పేముంది?

రాత్రిడ్యూటీ

పవన్ అన్నా, దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను, నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని, అన్నీ చూస్తుంటాం. కానీ దొంగల్ని పట్టే పని బస్సులో కూర్చున్నవాళ్లది కాదు. చెవుడు నటిస్తున్నారని అనుమానం వస్తే బెరా అని ఒక పరీక్ష ఉంది, తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి చెవిలో శబ్దం వేస్తారు, మెదడు స్పందిస్తోందా లేదా అని మెషినే చెప్తుంది, పేషెంటు నోరు విప్పక్కర్లేదు. అలాంటివి వాడి పట్టుకోమనండి, సంతోషం.

ఇబ్బంది ఎక్కడంటే నొప్పికీ నీరసానికీ అలాంటి మెషిన్ లేదు. ఎం.ఎస్. ఉంటే ఎం.ఆర్.ఐ.లో మచ్చలు కనపడతాయి కానీ, ఆ మచ్చల్ని చూసి మనిషి ఎంత అలసిపోతుందో చెప్పలేం. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు, నీరసం ఉండే జబ్బు) అయితే రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ నార్మల్ వస్తాయి, పేషెంటు ఏడుస్తూనే ఉంటుంది. రిపోర్టు నార్మల్ అనగానే ఇంట్లోవాళ్లు అనే మొదటి మాట "పని తప్పించుకోడానికి వేషాలు". ఆడవాళ్లకే ఎక్కువ వినపడుతుంది ఈ మాట, నేను చూసినంతలో.

చట్టం_చుట్టం

వృత్తిరీత్యా అడ్వొకేటుని, కాబట్టి ఈ భాగం నేను రాస్తా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016లో కొత్త చట్టం వచ్చింది, వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాలు. ఎం.ఎస్., పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్, ఆటిజం, మానసిక అనారోగ్యం, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు (డిస్లెక్సియా లాంటివి) అన్నీ ఉన్నాయి. పవన్ గారూ, గమనించండి, వీటిలో చాలావరకు మనిషిని ఎదురుగా నిలబెట్టి చూస్తే తెలియనివే. అంటే కనపడితేనే వైకల్యం అనే ఆలోచనని పార్లమెంటు ఎప్పుడో వదిలేసింది, జనమే పట్టుకుని ఉన్నారు.

ఇక 40 శాతం గోల. రిజర్వేషన్ లాంటి వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, నిజమే. కానీ 40 లేకపోతే అసలు ఏ హక్కూ లేదని మన ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఒక మొండి నమ్మకం ఉంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు, రైటర్స్ క్రాంప్ అంటారు, అది ఉన్న సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదని స్క్రైబ్‌ని, అంటే చెప్తుంటే రాసిపెట్టే మనిషిని, ఇవ్వలేదు. ఆ 40 రిజర్వేషన్ లాంటి వాటికి మాత్రమే, పరీక్ష రాయడానికి కావాల్సిన సర్దుబాటుకి దాన్ని అడ్డం పెట్టకూడదు అని కోర్టు చెప్పింది. 2022లో కేంద్రం దానికి గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. మీ పిల్లలకి ఎవరైనా "40 లేదు, కుదరదు" అంటే ఈ కేసు పేరు చెప్పండి.

కృష్ణాతీరం గారూ, మీకు పనికొచ్చే ఇంకోటి. అదే చట్టంలో 92వ సెక్షన్: వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. దీన్ని పట్టుకుని సిటీ బస్సు కండక్టరు మీద కేసు పెట్టమని ఏ లాయరూ చెప్పడు, నేనూ చెప్పను. ఆఫీసులో రోజూ వెక్కిరించే మేనేజరు ఉంటే మాత్రం ఆ సెక్షన్ నంబరు ఒక్కసారి మెయిల్‌లో కనపడితే చాలు.

పటాన్‌చెరు_పవన్

> "కనపడితేనే వైకల్యం అనే ఆలోచనని పార్లమెంటు ఎప్పుడో వదిలేసింది"

సరే సార్, చట్టం ఒప్పుకుంటా. మరి వీళ్లకి గుడ ఉద్యోగాల రిజర్వేషన్ ఉన్నదా?

చట్టం_చుట్టం

కొందరికే. మొత్తం 4 శాతంలో చూపు సమస్యలకి 1, వినికిడికి 1, కాళ్లు చేతుల వైకల్యాలకి 1, మిగతా 1 శాతంలో ఆటిజం, మేధోవైకల్యం, డిస్లెక్సియా లాంటివి, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నీ కలిపి సర్దేశారు. రక్తానికి సంబంధించిన మూడింటికీ, అంటే హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్‌కి, ఈ నాలుగు శాతంలో చోటే లేదు. జాబితాలో ఉన్నారు, ఉద్యోగాల దగ్గర లేరు. నన్నడిగితే ఆ చట్టంలో పెద్ద బొక్క ఇదే.

మన్యం_మాస్టారు

అడ్వొకేటు గారు సికిల్ సెల్ మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. నేను పాడేరు వైపు గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. మా దగ్గర ఇది పుస్తకంలో చదివే జబ్బు కాదు, క్లాసులో ఉంటుంది. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలి ఆకారంలోకి వంగిపోతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నచోట భరించలేని నొప్పి వస్తుంది. చలి, ఒంట్లో నీళ్లు తగ్గడం, జ్వరం, మితిమీరిన శ్రమ, ఈ నాలుగూ దాన్ని రేపుతాయి. ఇప్పుడు డిసెంబరు నెలలో మా ఏజెన్సీ చలి, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, తర్వాత గ్రౌండ్‌లో పరుగు ఊహించుకోండి. ఒక పిల్ల పరుగెత్తలేక కూర్చుంటే పీఈటీ సారుకి కనపడేది బద్ధకం. మర్నాడు నొప్పి తగ్గి ఆ పిల్లే నవ్వుతూ తిరుగుతుంటే "నిన్న నాటకం ఆడావా" అంటారు. నొప్పి వచ్చిపోయే జబ్బుల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది, బాగున్న రోజే ఆ పిల్ల మీద సాక్ష్యం అవుతుంది.

మా స్కూల్లో చేసింది పెద్దదేమీ కాదు. ఆ పిల్లలకి వేడినీళ్లు, స్వెట్టరు, క్లాసులో బెంచీ మీద నీళ్ల బాటిల్, అడిగినప్పుడల్లా బయటికి వెళ్లనివ్వడం (నీళ్లు ఎక్కువ తాగితే వెళ్లాలి కదా మరి), జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లడం. హైడ్రాక్సీయూరియా మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని ఏఎన్ఎం అమ్మ చూసుకుంటుంది. ఆ మాత్ర మానకుండా వేసుకుంటే నొప్పి దాడులు తగ్గుతాయి, ఇది మా కళ్ల ముందే కనపడుతోంది.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 లక్ష్యం. అప్పట్నుంచి పరీక్షలు బాగా పెరిగాయి. అయితే పరీక్ష వల్ల కొత్త గొడవ ఒకటి వచ్చింది. జబ్బు ఉండటం వేరు, వాహకులుగా ఉండటం, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం మోయడం, వేరు. వాహకులకి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకి జబ్బు రావడానికి. ఇది సరిగ్గా చెప్పకుండా కార్డు చేతిలో పెట్టి పంపేస్తే ఊళ్లో ఆ అమ్మాయికి సంబంధాలే ఆగిపోతున్నాయి. అవగాహన అని ఊరికే బ్యానర్లు కడితే ఇలాగే ఉంటుంది, సగం తెలియడం ఒక్కోసారి అసలు తెలియకపోవడం కంటే హాని.

రాత్రిడ్యూటీ

మాస్టారూ, మీలాంటివాళ్లు స్కూలుకొకరుంటే మా వార్డులో సగం పని తగ్గుతుంది. చదివేవాళ్లకి ఒక మాట: ఆంధ్రలో సికిల్ సెల్, తలసేమియా, తీవ్ర హీమోఫీలియా ఉన్నవాళ్లకి నెలకి 10,000 పింఛను ఉంది, డయాలసిస్ వాళ్లకి కూడా. మామూలు దివ్యాంగుల పింఛను 6,000. తెలంగాణలో 4,016. చాలామందికి తమ జబ్బు ఇందులోకి వస్తుందనే తెలియదు.

నల్లగొండ_నిశ్శబ్దం

ఈ ఐడీ కొత్తగా చేశాను, అసలు ఐడీతో రాసే ధైర్యం లేదు. నాకు ఫిట్స్. మందులతో కంట్రోల్‌లో ఉంది, ఉద్యోగం చేస్తున్నా. సంబంధాలు చూస్తున్నారు. అమ్మ "చెప్పొద్దు, చెప్తే ఎవరు చేసుకుంటారు" అంటుంది. చెప్పకుండా చేసుకుంటే తర్వాత పెళ్లి చెల్లదంటారని భయం. ఎవరికైనా తెలుసా?

చట్టం_చుట్టం

ఫిట్స్ ఉంటే హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చెల్లదు అనే నిబంధన ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1999లో సవరించి తీసేశారు. కాబట్టి జబ్బు ఉంది అన్న ఒక్క కారణంతో పెళ్లి రద్దు కాదు. కానీ దాచిపెట్టి చేస్తే మోసం చేశారని కోర్టుకెక్కే అవకాశం వేరే ఉంది, అలాంటి కేసులు నడుస్తూనే ఉంటాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, రోజూ మాత్ర వేసుకునే మనిషి ఆ మాత్రని ఒకే గదిలో ఉండే మనిషి దగ్గర ఎన్నాళ్లు దాస్తారు చెప్పండి. నా సలహా, పెద్దవాళ్ల మధ్యవర్తుల ద్వారా కాకుండా అబ్బాయికో అమ్మాయికో మీరే నేరుగా చెప్పండి.

రాత్రిడ్యూటీ

దాచిన కాపురాల్లో నేను చూసే ప్రమాదం ఇంకొకటి. అత్తగారింట్లో తెలియకూడదని మాత్రలు ఆపేస్తారు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా వరసగా వచ్చే ప్రమాదం ఉంది, ప్రాణం మీదకొస్తుంది. మీరు అమ్మాయి అయితే ఇంకో మాట, వాల్‌ప్రోయేట్ వాడుతుంటే గర్భం ప్లాన్ చేసుకునే ముందే న్యూరాలజిస్టుని కలవాలి, ఆ మందు బిడ్డకి మంచిది కాదు, వేరేది మారుస్తారు. మీరే సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఇక మిగతా అందరికీ: ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం ఆపండి దయచేసి. అది ఎందుకూ పనికిరాదు. కొన్ని నిమిషాల్లో చాలావరకు దానంతటదే ఆగుతుంది, మనం తాళాలు పెట్టాం కాబట్టి ఆగింది అనుకుంటాం. చేయాల్సింది ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తటిది పెట్టడం, నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏమీ పెట్టకపోవడం, గట్టిగా పట్టి అదమకపోవడం, టైమ్ చూసుకోవడం. 5 నిమిషాలు దాటితే 108.

నల్లగొండ_నిశ్శబ్దం

థాంక్స్ ఇద్దరికీ. ఇవాళ రాత్రి అమ్మతో మాట్లాడతా.

కాజా_కాకినాడ

2022లో సమంత తనకి మయోసైటిస్ (కండరాల జబ్బు) అని బయటపెట్టినప్పుడు మా ఆఫీసులో అందరూ గూగుల్ చేశారు, పాపం అన్నారు. అదే ఆఫీసులో లూపస్ (ఇదీ మన ఇమ్యూనిటీ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బే) ఉన్న మా కొలీగ్ ఎండలో సైటుకి వెళ్లనంటే (లూపస్‌కి ఎండ పడదు, జబ్బు తిరగబెడుతుంది) "హీరోయిన్‌లా ఫీలవుతోంది" అన్నారు. నేను చెప్పాల్సింది ఇంతే.

వేదిక నిర్వాహకుడు

ఈ మధ్యలో ఉన్న రెండు పోస్టులు తీసేశాం. ఎం.ఎస్.కి పసరు మందు, ఫిట్స్‌కి గ్యారంటీ కోర్సు అంటూ ఫోన్ నంబర్లు పెట్టారు. ఇంకోసారి పెడితే ఐడీ బ్లాక్ అవుతుంది. చర్చ కొనసాగించండి.

బడిసంచి

మా అబ్బాయి ఐదో తరగతి. నోటితో అడిగితే సైన్స్ అంతా గడగడా చెప్తాడు. రాయమంటే గుణింతం తారుమారు, ఒత్తులు ఎగిరిపోతాయి, ఇంగ్లీషులో బి, డి ఒకటే. ట్యూషన్ మార్చాం, టీచర్ని మార్చాం, కొట్టాం కూడా అందరిలాగే. చివరికి ఒక చైల్డ్ సైకాలజిస్టు డిస్లెక్సియా అని చెప్పింది. ఐక్యూ మామూలుగానే ఉంది, కాబట్టే ఎవరూ నమ్మరు. "ఇంత తెలివిగా మాట్లాడేవాడికి జబ్బేంటండీ, సెల్‌ఫోన్ లాక్కోండి" అని మా ఆడపడుచు. స్కూల్లో సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చట్టం_చుట్టం

8 ఏళ్లు నిండాయి కాబట్టి సర్టిఫికెట్‌కి అర్హుడే, గైడ్‌లైన్స్ ప్రకారం ఆ వయసు నుంచే ఇస్తారు. నిమ్‌హాన్స్ బ్యాటరీ అనే పరీక్షల సెట్ ఆధారంగా చేస్తారు. మళ్లీ 14కి, 18కి తిరిగి చూపించుకోవాలి. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో స్క్రైబు, గంటకి 20 నిమిషాలు అదనపు సమయం అడగొచ్చు. స్కూలు సర్టిఫికెట్ వచ్చాకే మారతాం అంటే ఒప్పుకోకండి, స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడానికి ఏ జీవో అవసరం లేదు.

పటాన్‌చెరు_పవన్

ఇంకో డౌట్. డిప్రెషన్, యాంగ్జైటీ ఇవి గుడ 21లో ఉన్నయా? టెన్షన్ లేనోడు ఎవడున్నడు ఈ రోజుల్ల.

రాత్రిడ్యూటీ

టెన్షన్ వేరు, జబ్బు వేరు అన్నా. సర్టిఫికెట్ కోసం ఐడియాస్ అనే స్కేల్ వాడతారు. స్నానం, తిండి లాంటి సొంత పనులు చేసుకోగలడా, మనుషులతో ఎలా ఉంటాడు, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలడా, పని చేయగలడా, ఇవి ఎన్నేళ్లుగా ఇలా ఉన్నాయి, అన్నీ చూసి లెక్క కడతారు. పరీక్ష ముందు టెన్షన్‌కి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. కానీ మన దగ్గర సర్టిఫికెట్ దాకా రావడానికే భయం, ఎందుకంటే హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకి పంపిస్తా", వైజాగ్‌లో "వాల్తేరు కేసు" అని చిన్నప్పట్నుంచీ జోకులే కదా. స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముణ్ణి ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచి, దేవుడు పూనాడని చెప్పుకున్న కుటుంబాలు ఉన్నాయి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

లండన్_లక్ష్మి

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నాకు క్రోన్స్, పేగు జబ్బు. అది మన 21లో లేదు. ఇక్కడ సన్‌ఫ్లవర్ లాన్‌యార్డ్ అని ఒకటుంది, ఆకుపచ్చ తాడు మీద పొద్దుతిరుగుడు పూలు. 2016లో గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలైంది. మెడలో వేసుకుంటే సిబ్బందికి అర్థమవుతుంది, ఈ మనిషికి కనపడని ఇబ్బంది ఏదో ఉంది, కాస్త టైమ్ ఇవ్వాలి, తొందరపెట్టకూడదు అని. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, రుజువు అడగరు. అదే నాకు నచ్చింది. బెంగళూరు ఎయిర్‌పోర్టులో కూడా ఇది ఉంది. మెట్రో రైల్లో వేసుకోడానికి "దయచేసి నాకు సీటివ్వండి" అనే బ్యాడ్జి 2017 నుంచి లండన్ రవాణా సంస్థే ఉచితంగా ఇస్తుంది. వికలాంగుల టాయిలెట్ల తలుపు మీద చాలాచోట్ల "ప్రతి వైకల్యం కనపడదు" అని రాసి ఉంటుంది, అది చదివాకే నేను మొదటిసారి బెరుకు లేకుండా లోపలికి వెళ్లగలిగాను.

ఇదేదో స్వర్గం అనుకోకండి. ఇక్కడా ప్రభుత్వ సాయానికి అప్లై చేస్తే అసెస్‌మెంట్‌లో నువ్వు ఎంత దూరం నడవగలవు అని గుచ్చి గుచ్చి అడుగుతారు, బాగున్న రోజున వెళ్తే పాయింట్లు పోతాయి. వెక్కిరించేవాళ్లూ ఉన్నారు.

ఇండియా వస్తే నాకు అసలు పరీక్ష పెళ్లి భోజనం. వద్దంటే వడ్డించేవాళ్లకి అవమానం, తింటే నాకు రెండు రోజులు నరకం. "డైటింగా అమ్మాయ్" అని విస్తట్లో ఇంకో గారె. ఇక హైవే మీద టాయిలెట్లు... వదిలేయండి.

ఒంటిచెవి

లక్ష్మిగారూ, ఆ తాడు మన ఆర్టీసీ బస్సులో వేసుకుంటే "ఏ కంపెనీ ఐడీ కార్డు" అని అడుగుతారు. గుర్తు మంచిదే కానీ అవతలివాడికి దాని అర్థం తెలిస్తేనే కదా. ముందు కండక్టర్లకి ట్రైనింగ్‌లో ఒక గంట ఇది చెప్తే, ఆ తాడు లేకపోయినా సగం సమస్య తీరుతుంది.

కృష్ణాతీరం

ఇంత స్పందన వస్తుందనుకోలేదు. మాస్టారు గారు రాసిన "బాగున్న రోజే సాక్ష్యం అవుతుంది" అన్నది మా టీమ్ లీడ్‌కి పంపాలనిపించింది. ఆఫీసు గురించి అడ్వొకేటు గారిని ఒకటి అడగాలి. ప్రైవేటు కంపెనీ, మధ్యాహ్నాలు ఇంటి నుంచి చేస్తానంటే "పాలసీలో లేదు" అంటున్నారు. ఏమైనా చేయొచ్చా?

చట్టం_చుట్టం

చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి. 20 మంది, ఆపైన ఉద్యోగులుంటే దానిలో ఏ సౌకర్యాలు ఇస్తారో, ఎవరిని సంప్రదించాలో వివరంగా ఉండాలి. ముందు హెచ్.ఆర్.ని ఆ కాపీ అడగండి. చాలా కంపెనీల్లో ఉండదు, అడిగాక హడావుడిగా తయారుచేస్తారు. అందులో మీ విషయం ఇమిడ్చి, డాక్టరు లెటరుతో మెయిల్ పెట్టండి, లెటర్లో జబ్బు వర్ణన కంటే "వేడి తగిలితే లక్షణాలు పెరుగుతాయి, మధ్యాహ్నం ప్రయాణం వద్దు" అని పనికి సంబంధించిన మాట ఉండాలి. తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. 40 శాతం వస్తే ఇన్‌కమ్ టాక్స్‌లో పన్ను లెక్కకట్టే ఆదాయం నుంచి 75,000 తగ్గింపు ఉంటుంది, పాత విధానంలో ఉంటేనే సుమా, కొత్తదాంట్లో లేదు.

కృష్ణాతీరం

సర్టిఫికెట్టే ఇంకా చేతికి రాలేదండీ. సదరం క్యాంపు (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి తేల్చేది) స్లాట్ వచ్చింది, మధ్యాహ్నం. పొద్దున్నయితే బాగా నడుస్తా, శాతం తగ్గుతుందని భయం. మధ్యాహ్నమైతే క్యూలోనే పడిపోతానేమోనని ఇంకో భయం.

రాత్రిడ్యూటీ

మధ్యాహ్నమే వెళ్లు అక్కా, కానీ ఎవరినైనా తోడు తీసుకెళ్లు, లైన్లో వాళ్లు నిలబడతారు. ఎం.ఆర్.ఐ. రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములు కూడా పట్టుకెళ్లు. ఇప్పటిదాకా జబ్బు తిరగబెట్టిన ప్రతిసారికీ (రిలాప్స్) డిశ్చార్జ్ సమ్మరీ తేదీల వరసలో పెట్టు. నీ న్యూరాలజిస్టు దగ్గర ఒక పేజీ లెటరు రాయించుకో, నడక, చూపు, మూత్రం, నీరసం, వేడికి ఏమవుతుంది, అన్నీ అందులో ఉండాలి, ఎందుకంటే క్యాంపులో డాక్టరు గారికి నీకు ఇవ్వడానికి ఉండేది కొద్ది నిమిషాలే, బయట వందమంది ఉంటారు. "ఎలా ఉన్నారమ్మా" అని అడిగితే అలవాటు కొద్దీ "బాగున్నానండీ" అనకు, మనవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

పటాన్‌చెరు_పవన్

అక్కా, నాకు ఇంకా పూర్తిగ ఎక్కలేదు, దొంగలని పట్టకుంట ఇట్ల పెంచుకుంట పోతే ఎట్ల అనే అనిపిస్తది. కానీ ఒకటి చెప్పు. బస్సుల నేను ఆ సీటు పక్కన నిలబడి ఉన్న, నువ్వు వచ్చినవ్, కూర్చున్నవ్. నాకు డౌట్ వచ్చింది. నేనేం చేయాలె?

కృష్ణాతీరం

ఏమీ చేయొద్దు తమ్ముడూ. నేను దొంగనే అనుకో, నీకు పోయేదేమీ లేదు, ఆ సీటు ఎలాగూ నీది కాదు. కర్ర పట్టుకుని ఇంకొకరు వస్తే అప్పుడు "ఎవరైనా లేవగలరా" అని అందరినీ కలిపి అడుగు, నన్నొక్కదాన్నే చూసి కాదు. లేవగలిగే రోజైతే నేనే లేస్తా.

పటాన్‌చెరు_పవన్

అది ఓకే.

బడిసంచి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, డిస్లెక్సియా సర్టిఫికెట్‌కి కూడా ఇదే సదరం క్యాంపుకి వెళ్లాలా, వేరే ఆసుపత్రా? మా సచివాలయంలో అడిగితే వాళ్లకే తెలియదంటున్నారు.

రాత్రిడ్యూటీ

మీ జిల్లా పేరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి, సైకాలజిస్టు ఏ రోజు కూర్చుంటారో కనుక్కుని చెప్తా. అన్ని క్యాంపుల్లో ఆ పరీక్ష చేసేవాళ్లు ఉండరు, కనుక్కోకుండా వెళ్తే పిల్లాడికి ఒకరోజు బడి పోతుంది అంతే.